పెళ్ళికూతురు కరిగిపోతోంది!

"అమ్మా, నానమ్మ డెబ్బై అయిదో పుట్టినరోజుకి రెట్రో పార్టీ చేద్దాం" అంది మా అమ్మాయి. రెట్రో అంటే మెట్రోకి తమ్ముడేమో అనుకున్నాను. "పాతకాలం పద్ధతిలో అన్నమాట" అని వివరించింది. మా ఇంట్లో పాతకాలానికి కరువా! అత్తయ్యగారు బైండు చేయించి దాచుకున్న సీరియల్సు అటక నిండా ఉన్నాయి. అవి చాలవని లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులు తిరిగి మరో నాలుగు వారపత్రికలు కొనుక్కొచ్చాం. వాటిలోని ప్రకటనలు కత్తిరించి గోడకి అంటించాలని ప్లాను.

సీరియల్ సంగతి అటుంచండి, ఆ ప్రకటనలు చదువుతుంటే నవ్వాగలేదు. ఒకావిడకి మొటిమ తగ్గగానే భర్త ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేస్తాడు. ఇంకొకావిడ జడ మోకాళ్ళు దాటింది. "అది దువ్వుకునేసరికి సాయంత్రమవుతుంది, మరి వంటెవరు చేస్తారు?" అన్నారు మావారు. ఆయన బాధ ఆయనది!

అయినా తమాషా ఏమిటంటే, పత్రికలకి కూడు పెట్టినవి ఈ ప్రకటనలే. మన కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతోనే 1908లో 'ఆంధ్రపత్రిక' పెట్టారు. స్త్రీల మందు 'లోధ్ర' చేసిన డాక్టర్ కె.ఎన్.కేసరిగారు 1928లో ఆడవాళ్ళ కోసమే 'గృహలక్ష్మి' నడిపారు. మందు ఒక చేత్తో, కథ ఒక చేత్తో అన్నమాట!

ఇక అందం సంగతి. 1919లో బొంబాయి నుంచి అఫ్ఘాన్ స్నో వచ్చింది. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించారు. తర్వాత మన బెజవాడలో నాటకాలాడిన సావిత్రిగారూ కనిపించారు. ఆ సబ్బు రుద్దితే సావిత్రి అయిపోతామని మా అమ్మ తరం ఎంత నమ్మిందో! సబ్బు అరిగిపోయింది, మనం మాత్రం మనలాగే మిగిలాం. 1952లో టాటావారు లాక్మే తెచ్చారు. పేరు ఫ్రెంచిదే అయినా లోపల ఉన్నది మన లక్ష్మే. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది.

అలంకరణ బాధ్యత అత్తయ్యగారే తీసుకున్నారు. మీరూ చేసుకోవచ్చు, చూడండి.

గొలుసు తోరణం: రంగు కాగితాన్ని అంగుళం వెడల్పు, ఆరంగుళాల పొడవు ముక్కలుగా కోయాలి. ఒకదాన్ని గుండ్రంగా అంటించి, దానిలోంచి రెండోది దూర్చి అంటిస్తూ పోవాలి. జిగురుకి రెండు చెంచాల మైదా గ్లాసు నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పితే చాలు. పురుగు పట్టకుండా వెనకటి రోజుల్లో మైలుతుత్తం వేసేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ పూట జిగురు ఆ పూటే చేసుకోండి.

కాగితం లాంతరు: కాగితాన్ని మధ్యకి మడిచి, మడత వైపు నుంచి అరంగుళం ఎడంగా గాట్లు పెట్టాలి. అవతలి అంచు అంగుళం మేర కోయకుండా వదలాలి. విప్పి, గుండ్రంగా చుట్టి అంచులు అంటిస్తే లాంతరే!

ఇలా నవ్వుకుంటూ కత్తిరిస్తుంటే మా అమ్మాయికి ఏదో తెలుపు క్రీము ప్రకటన దొరికింది. ఎడమవైపు ఏడుపు ముఖంతో నల్లపిల్ల, కుడివైపు అదే పిల్ల తెల్లబడి నవ్వుతూ. "ఇది గోడకి మధ్యలో పెడదాం" అంది.

"అదొద్దే" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడకి పంతొమ్మిదేళ్ళప్పుడు గుడివాడ దగ్గర పల్లెలో పెళ్ళిచూపులు. నడి వేసవి, ఇంట్లో కరెంటు లేదు. మేనత్త గోడకి సున్నం వేసినట్టు ముఖానికి స్నో పట్టించింది. కాఫీలు వచ్చేలోగా చెమట చారలు కట్టింది. మగపెళ్ళివారి పిల్లాడొకడు "అమ్మా, పెళ్ళికూతురు కరిగిపోతోంది!" అని అరిచాడు. అందరూ నవ్వారు.

మేమూ నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

"ఆ సంబంధం పోయింది. తర్వాత ఇంకో మూడు పోయాయి. నేను ఎస్సెస్సెల్సీ ప్యాసయ్యానని ఒక్కరూ అడగలేదు. చాన్నాళ్ళు అద్దం చూసుకోవడమే మానేశాను."

మా అమ్మాయిది నానమ్మ రంగే. అది టెన్త్‌లో ఉండగా, స్కూల్లో ఫేర్‌వెల్ పార్టీకని అలాంటి క్రీమే నేను కొనిచ్చాను. అది అడగలేదు, నేనే ఇచ్చాను. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. "పోన్లే అమ్మా, అది కాళ్ళకి రాసుకున్నాను, పగుళ్ళు తగ్గాయి" అంది. అత్తయ్యగారు అప్పుడు నవ్వారు!

గోడకి మధ్యలో అత్తయ్యగారి పెళ్ళి ఫోటో పెట్టాం. చుట్టూ సబ్బులూ, నూనెలూ. అరటి దొప్ప మీద మల్లెమొగ్గలు కుట్టి మనవరాలికి పూలజడ వేసింది ఆవిడే.

2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని మార్చారు. మరి మన నోళ్ళలోంచో? "పిల్ల చామనఛాయే గానీ కళగా ఉంటుంది" అని ఇవాళ్టికీ అంటున్నాం. ఆ 'గానీ' ఒక్కటి మానేసి చూద్దామా, ఏమంటారు?