శాతాలు కూడితే వంద దాటుతుందేం?

“వైర్‌షార్క్‌లో కాసేపు ట్రాఫిక్ పట్టి, స్టాటిస్టిక్స్ మెనూలో ప్రోటోకాల్ హైరార్కీ తెరిచాను. ఈథర్నెట్ 100 శాతం, ఐపీవీ4 94, టీసీపీ 61, యూడీపీ 33, టీఎల్‌ఎస్ 18. అన్నీ కూడితే 306! తప్పు దానిదా, నాదా?”

లెక్క సరైనదే. కూడకూడనివి కూడారు, అంతే. బుట్టలో వంద కొబ్బరికాయలున్నాయనుకోండి. పీచున్నవి 100, చిప్ప ఉన్నవి 100, నీళ్లున్నవి 90. అలాగని బుట్టలో 290 కాయలున్నాయని ఎవరూ అనరు. ప్యాకెట్‌కీ పొరలుంటాయి. ఏ పొర ఎన్ని ప్యాకెట్లలో కనిపించిందో ఆ పట్టిక చెబుతుంది.

ఒక్క ప్యాకెట్‌ని ఒలిచి చూద్దాం. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డాట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్ చిరునామా ఎక్కడని మీ కంప్యూటర్ డీఎన్‌ఎస్‌ని అడిగింది. అదనపు ఆప్షన్లేవీ లేకపోతే ఆ ప్యాకెట్ 75 బైట్లు. అందులో ఈథర్నెట్ హెడర్ 14, ఐపీ హెడర్ 20, యూడీపీ హెడర్ 8, అసలు ప్రశ్న 33. ప్యాకెట్ ఒక్కటే అయినా పట్టికలో నాలుగు వరుసలకీ తలా ఒకటి పెరుగుతుంది. కూడితే మొత్తం ప్యాకెట్ల సంఖ్యే రావాలన్న పట్టుదల ఉంటే ‘ఎండ్ ప్యాకెట్స్’ అన్న నిలువు వరుస చూడండి. అక్కడ ప్రతి ప్యాకెట్‌నీ దాని చివరి పొర దగ్గర ఒక్కసారే లెక్కపెడతారు.

మరి ఏ పొర తర్వాత ఏ పొరో వైర్‌షార్క్‌కెలా తెలుస్తుంది? ఈథర్నెట్, ఐపీ హెడర్లలో లోపలున్నదేమిటో చెప్పే అంకె ఒకటుంటుంది. ఈథర్నెట్ హెడర్‌లో హెక్సా అంకెల్లో 0800 ఉంటే లోపల ఐపీవీ4, 0806 ఉంటే ఏఆర్‌పీ. ఐపీ హెడర్‌లో 6 ఉంటే టీసీపీ, 17 ఉంటే యూడీపీ, 1 ఉంటే ఐసీఎంపీ. ఇంతవరకూ నిక్కచ్చి. ఆపైన చాలావరకు పోర్టు నంబరు చూసి వేసే అంచనా: 53 అయితే డీఎన్‌ఎస్ అయ్యుండాలి, 443 అయితే టీఎల్‌ఎస్ అయ్యుండాలి. కొన్నిటిని లోపలి బైట్ల తీరు చూసి పోలుస్తుంది. ఎవరైనా తమ సర్వరుని అలవాటు లేని పోర్టులో పెడితే, బైట్ల తీరుని బట్టి కూడా పోల్చలేకపోతే, అది ‘డేటా’ అన్న పేరుతో మూలన పడి ఉంటుంది. ‘డీకోడ్ యాజ్’తో అదేమిటో మనమే చెప్పాలి.

“బ్రౌజర్‌లో చూసినవన్నీ హెచ్‌టీటీపీఎస్ సైట్లే కదా, టీసీపీ 61 ఉంటే టీఎల్‌ఎస్ 18 ఏమిటి?” అనీ అడుగుతారు. ఇది మంచి ప్రశ్న. టీసీపీ ప్యాకెట్లలో చాలావాటిలో సరుకే ఉండదు, ‘అందింది’ అన్న రసీదు తప్ప. దానికి తోడు, టీఎల్‌ఎస్ రికార్డు ఒక్కోటి 16,384 బైట్ల దాకా ఉండొచ్చు. ప్యాకెట్‌కి 1,460 చొప్పున మోస్తే పన్నెండు ప్యాకెట్లు కావాలి. వైర్‌షార్క్ వాటిని అతికించి, రికార్డు పూర్తయిన చివరి ప్యాకెట్‌కే టీఎల్‌ఎస్ అని పేరు పెడుతుంది. ముందు పదకొండూ ఉత్త టీసీపీ కిందే పోతాయి. ఇక ఆ యూడీపీ 33 శాతం చూసి కంగారుపడకండి. పాత పుస్తకాల్లో యూడీపీ అంటే డీఎన్‌ఎస్, ఫోన్ కాల్స్, ఆటలు. కానీ 2021లో ప్రమాణమైన క్విక్ అనే ప్రోటోకాల్ నడిచేది కూడా యూడీపీ మీదే. క్రోమ్‌లో యూట్యూబ్ వీడియో పెట్టి చూడండి, ఆ వరుస ఎలా ఉబ్బుతుందో.

ప్యాకెట్లు లెక్కపెట్టాలా, బైట్లు లెక్కపెట్టాలా? మీ అనుమానాన్ని బట్టి. లైన్ ఎవరు మింగేస్తున్నారో తెలియాలంటే బైట్లు. రౌటర్ ఊపిరాడక కొట్టుకుంటోందంటే ప్యాకెట్లు, ఎందుకంటే చిన్నదైనా పెద్దదైనా ప్రతి ప్యాకెట్‌తోనూ రౌటర్‌కి పని తప్పదు. ఇక్కడో తిరకాసుంది. వైర్‌షార్క్ కొత్త వెర్షన్ల కిటికీలో ఒక వరుసకి ఎదురుగా కనిపించే బైట్లు ఆ పొరవి మాత్రమే. కమాండ్ లైన్‌లో టీషార్క్ ఇచ్చే హైరార్కీ మాత్రం మొత్తం ప్యాకెట్ పొడవునీ ప్రతి పొర ఖాతాలోనూ వేస్తుంది. మన డీఎన్‌ఎస్ ప్రశ్న వైర్‌షార్క్ కిటికీలో 33 బైట్లు, టీషార్క్‌లో 75. ఒకే ఫైలుకి రెండు లెక్కలు వచ్చాయని ఇద్దరు ఇంజనీర్లు గంటసేపు వాదించుకోవడం చూశాను. ఇద్దరూ ఒప్పే.

వీటన్నిటికన్నా పెద్ద పొరపాటు ఫైలు తెరవకముందే జరుగుతుంది. దాన్ని నేనూ చేశాను. ఒక ఆఫీసులో నెట్ నెమ్మదించిందంటే నా ల్యాప్‌టాప్ తగిలించి ట్రాఫిక్ పట్టి, ఏఆర్‌పీ సగానికి సగం ఉందని చూసి, ‘స్విచ్‌లో లూప్ పడింది’ అని తేల్చేశాను. లూపూ లేదు, పాడూ లేదు. స్విచ్ పక్కవాళ్ల ట్రాఫిక్‌ని నా పోర్టుకి పంపదు. నాకొచ్చేవి కాక, ప్రధానంగా ఏఆర్‌పీ లాంటి, అందరికీ వినిపించే బ్రాడ్‌కాస్ట్ కేకల్నే పంపుతుంది. నా యంత్రం ఊరికే కూర్చుంది కాబట్టి ఆ కేకలే సగమయ్యాయి. నూతిలో కప్ప లోకాన్ని కొలిచినట్టయింది. అందరి ట్రాఫిక్కూ కావాలంటే స్విచ్‌లో మిర్రర్ పోర్టు పెట్టించి అక్కడ పట్టాలి, అదీ నెట్‌వర్క్ యజమాని అనుమతితోనే.

ఏఆర్‌పీ సగం ఉంటే ఎక్కువా, తక్కువా? ఆ ఆఫీసు మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియకుండా చెప్పలేం. అందుకే నెట్ బాగా నడుస్తున్న రోజునే, పనివేళలో ఓ పది నిమిషాలు పట్టి, తేదీ వేసి ఆ ఫైలు దాచుకోండి. ఫిర్యాదు వచ్చిన రోజున దాన్నే పక్కన పెట్టి చూడండి.