ఒంగోలు మాగ్నటైట్ శుద్ధి: ఆర్థిక పరిశీలన

ప్రకాశం జిల్లా కొణిజేడు, మర్లపాడు కొండలలో మాగ్నటైట్ ఖనిజం పలుగురాతితో పొరలుపొరలుగా పెనవేసుకొని ఉంది. శుద్ధ మాగ్నటైట్‌లో ఇనుము 72.4 శాతం. ఇక్కడి ముడిరాతిలో మాత్రం అది సుమారు మూడో వంతు. హైదరాబాదు కేంద్రంగా గల ఎన్ఎండీసీ బైలదిల్లాలో తవ్వే హెమటైట్‌లో ఇనుము 60 శాతం పైచిలుకే. దానిని పగలగొట్టి, కడిగి, జల్లించి అమ్మవచ్చు. ఒంగోలు ఖనిజం విపణిలో పోటీపడవలసింది దానితోనే.

మాగ్నటైట్ అయస్కాంతానికి బలంగా అంటుకుంటుంది గనుక శుద్ధి చవకన్న అభిప్రాయం ఉంది. అది సగమే నిజం. అయస్కాంతపు డ్రమ్ము తిరగడానికి పట్టే విద్యుత్తు స్వల్పం. అసలు వ్యయం అంతకుముందే, బాల్ మిల్లులో జరిగిపోతుంది. పలుగు నుంచి కణం విడివడనిదే అయస్కాంతం చేయగలిగింది లేదు.

ఉదాహరణకు, 30 శాతం ఇనుమున్న రాతి నుంచి అందులోని ఇనుములో 80 శాతం రాబట్టగలిగినా, 65 శాతం సాంద్రీకృత ఖనిజం ఒక టన్ను కావాలంటే దాదాపు 2.7 టన్నుల రాతిని నూరాలి. ఫ్రెడ్ బాండ్ 1952లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, 160 మైక్రాన్లకు బదులు 40 మైక్రాన్లకు నూరితే టన్నుకు పట్టే శక్తి రెట్టింపు దాటుతుంది.

కనుక వట్టిరాతిని ఏ దశలో వదిలించుకుంటారన్నదే కీలకం. ముతకగా పగలగొట్టగానే పొడి అయస్కాంత డ్రమ్ము మీదుగా పంపితే మిల్లు భారం తగ్గుతుంది. కొంత ఇనుమూ దానితో పోతుంది. ఆ నష్టం విలువ మిగిలిన విద్యుత్తు విలువను మించనంతవరకు ఆ పద్ధతి గిట్టుబాటే. ఇంత మెత్తని పొడిని నేరుగా కొలిమిలో వేయలేరు, పెల్లెట్లుగా కట్టి కాల్చాలి. అప్పుడు మాగ్నటైట్ ఆక్సిజన్‌తో కలిసి తానే వేడిని విడుదల చేస్తుంది. ఇంధనంలో ఈ ఆదా హెమటైట్‌కు లేదు.