చదువుకొను బిడ్డలకు తల్లి చెప్పవలసిన మాట



కుంతి కథ మనలో నెఱుగనివారుండరు. దుర్వాసుడు మంత్రమును, దాని ఫలమును చెప్పెను గాని, కన్యయైన తనకు దానివలన రాగల చిక్కును విడమరచి చెప్పువారు ఆమెకు లేకపోయిరి. కుతూహలముచే మంత్రమును పరీక్షించినది. కన్నబిడ్డను లోకనిందకు వెఱచి నీట విడిచినది. ఆ రహస్యము కర్ణుడు కూలిన పిదప గాని ధర్మజునకు తెలియలేదు. కుంతిని తప్పుపట్టువారు పెక్కురు. చెప్పవలసిన సమయమున చెప్పని పెద్దలను తప్పుపట్టువారు అరుదు.

అట్టి మౌనమే నేటికిని మన యిండ్లలో నున్నది. పూర్వపు వరంగల్లు జిల్లానుండి 2016లో వేరుపడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనే చూడుడు. తండాలనుండి, గూడెములనుండి, ఇంతకుముందు ఇంటిలో నెవరును కళాశాల గడప త్రొక్కని కుటుంబములనుండి బాలబాలికలు చదువునకై పట్టణములకు వచ్చి వసతిగృహములలో నుందురు. చేతిలో ఫోను ఉండును. తల్లి చెప్పని సంగతిని ఆ ఫోను చెప్పును; అందు నిజము కొంత, అసహ్యము కొండంత.

2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్లవారిలో హెచ్.ఐ.వి. గూర్చి సమగ్రముగ నెఱిగినవారు స్త్రీలలో నూటికి సుమారు 22, పురుషులలో 31 మాత్రమే. పెండ్లి చేసిన చాలునను తల్లులును వినవలయును. తెలంగాణమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా 18 నిండకముందే వివాహమైనట్లు ఆ సర్వేయే తెలిపినది. తాళి కట్టినంత మాత్రమున తెలివి రాదు. రోగము రాక మానదు.

ఇక చెప్పవలసిన సంగతులు. తెల్లబట్ట యగుట ఎల్లప్పుడును రోగము కాదు. దుర్గంధము, దురద, పొత్తికడుపు నొప్పి కలిగినచో వైద్యునకు చూపవలయును. సెగరోగము స్త్రీలలో తఱచు ఏ లక్షణమును చూపక యుండి, లోలోపల గర్భనాళములను చెఱచి సంతానహీనతకు దారితీయగలదు. సవాయి పుండు నొప్పిలేక పుట్టి తనంతట మానును. రోగము మాత్రము ఒంటిలో నిలిచియుండును. పెనిసిలిన్‌తో అది నయమగును. హెచ్.ఐ.వి. తాకుటచే గాని, కలిసి భుజించుటచే గాని, దోమకాటుచే గాని అంటదు. దానిని నిర్మూలించు మందు సాధారణ చికిత్సలో లేదు. అదుపులో నుంచు మందులను ప్రభుత్వము 2004 నుండి ఉచితముగ నిచ్చుచున్నది. నిరోధ్ ప్రతిసారియు సరిగా వాడినచో గర్భమునుండియు, పెక్కు సుఖవ్యాధులనుండియు చాలవఱకు కాపాడును. 72 గంటలలో మ్రింగు అత్యవసర గర్భనిరోధక మాత్ర రోగములను ఆపదు.

రోగముకన్న సిగ్గు ఎక్కువ చెఱుపు చేయుచున్నది. పేరు చెప్పక మందుల దుకాణమున బిళ్లలు కొనుట, ఆర్.ఎం.పి. చేత సూది వేయించుకొని ఊరకుండుట మన పల్లెలలో క్రొత్తగాదు. కాలము గడచును, రోగము ముదురును. మహబూబాబాదున 2022లోను, జనగామ భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. చికిత్సకై హైదరాబాదుదాక పోనక్కరలేదు. ప్రభుత్వపు సలహా కేంద్రములలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితము. 2017 నాటి చట్టము ప్రకారము సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. ఫలితమును ఇతరులకు వెల్లడింపరాదు. 1097కు ఫోను చేసి సలహా పొందవచ్చును.

చట్టమును గూడ చెప్పవలయును. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 నిండని బిడ్డ ఇష్టపడినను అది సమ్మతి కాదు. ఇంటర్ చదువు పిల్లలలో పెక్కురు ఆ యీడువారే గావున ఈ మాట కొడుకులకు ముందుగ తెలియవలయును. వయసు నిండిన పిదపను, వద్దన్న మాటకు వద్దనియే అర్థమని వారికి నేర్పుడు. ఫొటో చూపి బెదిరించువాడే నేరస్థుడు గాని, బెదిరింపబడిన బిడ్డ కాదు. అట్టి యాపదలో షీ టీములకు గాని, 181కి గాని చెప్పుకొనవచ్చును.

ఇవి చెప్పినచో పిల్లలు చెడుదురని కొందఱు వాదింతురు. ఈ భయముచేతనే 2007 ప్రాంతమున కొన్ని రాష్ట్రములు పాఠశాలలలో కౌమారవిద్యను ఆపివేసినవి. కాని పెక్కు దేశముల పరిశోధనలను పరిశీలించి 2018లో యునెస్కో వెలువరించిన మార్గదర్శిని, అట్టి బోధ పిల్లలను తొందరపెట్టదని తెలిపినది. వంటయింట నిప్పు కలదని చెప్పుట చేయి కాల్చుకొమ్మనుట కాదు గదా!

కూతురు తొలిసారి బహిష్టయిన నాడే ఈ మాటలు మొదలిడుడు. కొడుకునకు తండ్రి చెప్పునని ఊరకుండకుడు. తండ్రి, తల్లి చెప్పునని ఊరకుండును. శాస్త్రమంతయు మనకు తెలియనక్కరలేదు. బిడ్డ కళాశాలకు బయలుదేరు నాడు పెట్టెలో బట్టలతోబాటు ఒక్క మాటను గూడ ఉంచుడని మేము కోరుచున్నాము: “ఏమి జరిగినను ముందుగ నాతో చెప్పుము; నిన్ను తిట్టను, వైద్యునికడకు నేనే తోడు వచ్చెదను.”