కుక్కకు పెట్టకూడని పండు

కుక్కను పెంచుకొనేవారు తాము తినేదానిలోనే దానికీ ఒక ముద్ద పెడుతుంటారు. ప్రేమతో పెట్టిన ఆ ముద్దే ఒక్కొక్కసారి ప్రాణం మీదికి తెస్తుంది. మనిషికి మేలు చేసే ద్రాక్షపండు కుక్క మూత్రపిండాలను పాడుచేయగలదు. ఎండుద్రాక్ష కూడా అంతే. ఈ సంగతి ఒక్కరోజులో తెలిసింది కాదు. దీని వెనుక ఎందరో పశువైద్యుల ఓర్పు ఉంది.

అమెరికా దేశంలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో అర్బానా అనే పట్టణం ఉంది. జంతువుల విషబాధలకు సలహాలిచ్చే కేంద్రం ఒకటి 1978లో అక్కడి విశ్వవిద్యాలయంలో మొదలైంది. కుక్కగాని, పిల్లిగాని తినరానిది తిన్నప్పుడు యజమానులు, పశువైద్యులు ఆ కేంద్రానికి ఫోను చేస్తారు. జంతువు బరువెంత, అది ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, తరువాత ఏమైంది అని అక్కడివారు అడిగి అన్నీ నమోదు చేస్తారు. ఒక్క ఫోను ఒక్క జంతువు బాధనే తెలుపుతుంది. వేలకొద్దీ వివరాలు ఒకచోట చేరినప్పుడు వాటి మధ్య పోలికలు కనిపిస్తాయి.

అలాంటి పోలిక ఒకటి 1990 దశకంలో బయటపడింది. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష తిన్న కుక్కలు కొన్ని మొదట వాంతి చేసుకున్నాయి. కొద్దిరోజులలోనే వాటి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ కేంద్రం వైద్యులు 2001లో ఈ విషయాన్ని అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ప్రకటించారు. 1992 నుండి 2002 వరకు ఇలా జబ్బుపడిన 43 కుక్కల వివరాలతో 2005లో మరొక వ్యాసం వెలువడింది. ఆ 43 కుక్కలూ వాంతి చేసుకున్నవే. వాటిలో 23 మాత్రమే బ్రతికాయి.

ఇంతకూ ద్రాక్షలో ఉన్న విషమేమిటి? పురుగుమందులా? బూజు వల్ల పుట్టిన విషమా? సీసం వంటి లోహాలా? ఒక్కొక్కదానినే పరీక్షించారు. ఏదీ కారణమని తేలలేదు. ఇంటి పెరట్లో కాసిన ద్రాక్ష తిన్న కుక్కలకు కూడా జబ్బు చేసింది. కొన్ని కుక్కలు ఎక్కువగా తిన్నా ఏమీ కాలేదు. కొన్నింటికి కొద్దిగా తిన్నా ప్రమాదమైంది. కావాలని కుక్కలకు విషం పెట్టి చూడడం న్యాయం కాదు. అందువల్ల జరిగిన ప్రమాదాల నుండే నేర్చుకోవలసి వచ్చింది. కారణం తెలియకపోయినా “ద్రాక్ష పెట్టవద్దు” అనే హెచ్చరికను మాత్రం వైద్యులు మానలేదు.

చివరికి అనుకోని చోట దారి దొరికింది. పిల్లలు బొమ్మలు చేసుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్దను ఒక కుక్క తిన్నది. ద్రాక్ష తిన్న కుక్కకు వచ్చే జబ్బే దానికీ వచ్చింది. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే తెల్లని పొడి ఉంది. అది టార్టారిక్ ఆమ్లం నుండి వచ్చిన లవణం. ద్రాక్షలోనూ ఆ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి దాని పాలు మారుతుంది. అన్ని కుక్కలకూ ఒకేవిధంగా జబ్బు చేయకపోవడానికి ఇది కారణం కావచ్చు. ఈ ఆలోచనను వైద్యులు 2021లో ప్రకటించారు.

ఆలోచన ఎంత బాగున్నా పరీక్షకు నిలవాలి. 1958లో ఒక కుక్క మూత్రపిండం నుండి తీసిన కణాల సంతతిని ప్రయోగశాలలలో నేటికీ పెంచుతున్నారు. ఆ కణాలకు టార్టారిక్ ఆమ్లం తగిలితే అవి దెబ్బతిన్నాయి. మనిషి మూత్రపిండ కణాలు దెబ్బతినలేదు. మనిషి కణాలలో ఉండే ఒక ప్రొటీనును కుక్క కణాలలో ప్రవేశపెట్టగా వాటికీ హాని తప్పింది. ఈ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. బ్రతికి ఉన్న ఏ కుక్కనూ బాధపెట్టకుండానే ఇంత తెలిసింది.

టార్టారిక్ ఆమ్లం మరింత ఎక్కువగా ఉండే పండు ఒకటి ఉంది. అదే చింతపండు. చింతపండు తిన్న కుక్కలకు కూడా మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు 2022లో వైద్యులు తెలిపారు. చింతపండు లేని తెలుగువారి వంటిల్లు ఉండదు. పులుసు, పులిహోర మనిషికి ఎంత రుచైనా కుక్కకు పెట్టకుండా ఉండడమే మంచిది. చింతపండును దానికి అందని చోట ఉంచాలి.

ఒకవేళ కుక్క ద్రాక్షగాని, చింతపండుగాని తింటే వాంతి అయ్యేదాకా ఆగకూడదు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఏమి తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో సరిగా చెప్పాలి. ఆ వివరాలు ఆ కుక్కనే కాదు, రేపు మరెక్కడో మరొక కుక్కను కూడా కాపాడవచ్చు.