చక్రాల మీద ఇల్లు, కొండదారిలో సైకిలు

కాలేజీ తెరిచిన మొదటి వారం క్లాసులో అందరూ అడిగింది ఒకటే. "అమెరికా వెళ్ళొచ్చావుగా, నయాగరా చూశావా?" చూడలేదు. మా అక్క ఉండే ఊరికి అది చాలా దూరం. నేను చూసింది కొలరాడో రాష్ట్రంలో ఒక మట్టి ఎడారి. అక్కడ మూడు రోజులు ఒక బండిలో కాపురం, సైకిలు తొక్కడం. "సైకిలు తొక్కడానికి అమెరికా దాకానా?" అని నవ్వినవాళ్ళే, తర్వాత ఆ బండిలో వంట ఎక్కడ, స్నానం ఎక్కడ అని వదలకుండా అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు గోడపత్రికకి రాసెయ్యమన్నారు మేడమ్. రాస్తున్నాను.

మా పెద్దమ్మ కూతురు, బావ డెన్వర్‌లో ఉద్యోగాలు చేస్తారు. ఇద్దరికీ సైకిలు పిచ్చి. మే నెల చివరి సోమవారం అక్కడ మెమోరియల్ డే సెలవు. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులొస్తాయి. వాటి కోసం అక్క జనవరి నుంచీ కాలెండరు చూసుకుంటూ ఉందట. మామూలుగా వాళ్ళిద్దరూ గుడారం వేసుకుని పడుకుంటారు. ఈసారి నేనూ పెద్దమ్మా ఉన్నాం. మోకాళ్ళ నొప్పులతో పెద్దమ్మ నేలమీద పడుకోలేదు. అందుకని బావ ఆర్‌వీ అద్దెకి తీసుకున్నాడు.

ఆర్‌వీ అంటే ఇంజను ఉన్న ఇల్లు. పెద్ద బస్సంత ఉంటే క్లాస్ ఏ, వ్యానంత ఉంటే క్లాస్ బి, మధ్యరకం క్లాస్ సి. మాది మధ్యరకం. డ్రైవరు నెత్తిమీద ఒక మంచం, వెనక ఇంకో మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, సింకు, ఒక మూల టాయిలెట్, షవరు. ఆ మూల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనం ఎక్కడికైనా బయల్దేరుతుంటే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎవరెవరు వస్తున్నారు?" మనం పైకి అనకుండా మనసులో వేసుకునే మొదటి ప్రశ్న "బాత్రూం ఎక్కడ?" ఆ బెంగ లేకపోతే ఆడవాళ్ళు ఎంత దూరమైనా నిశ్చింతగా వెళ్ళగలరని నాకు ఆ బండి ఎక్కాకే తెలిసింది.

మేం వెళ్ళింది ఫ్రూటా అనే చిన్న ఊరికి. డెన్వర్ నుంచి పడమరగా దాదాపు 410 కిలోమీటర్లు. కారులో నాలుగు గంటలు పట్టే దారి, ఈ బండికి ఆరు గంటలు పట్టింది. మధ్యలో ఐసన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంటుంది, మన దొడ్డబెట్ట శిఖరం కంటే ఎత్తు. ఎక్కేటప్పుడు లారీల వెనక నెమ్మదిగా పాకుతాం. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదు, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. తక్కువ గేరులో వేసి ఇంజను చేతనే బండిని ఆపించాలి. ఏర్కాడ్ ఘాట్‌లో బస్సు డ్రైవర్లు చేసేదీ ఇదే. సైకిళ్ళని వెనక రాక్‌కి కట్టడం చాలామంది చేసే పని. కానీ ఇలాంటి బండికి వెనక చక్రాల తర్వాత తోక పొడుగు, గతుకులొస్తే ఆ కొస బాగా ఎగిరిపడుతుంది. అందుకే మా బండి అద్దెకిచ్చినవాళ్ళు రాక్ పెట్టొద్దన్నారు. అక్కా బావల సైకిళ్ళు పాత దుప్పట్లు చుట్టి లోపలే పడుకోబెట్టాం. నాకు ఫ్రూటాలో అద్దెకి తీసుకున్నాం.

ఇక ఎక్కడ దిగాలన్నది. ఇక్కడే అసలు లెక్క ఉంది. ఊరి దగ్గర ఉండే క్యాంపుల్లో బండికి కరెంటు, నీళ్ళు, డ్రైనేజి మూడూ తగిలించుకోవచ్చు. హాయే. కానీ సైకిలు దారులు అక్కడికి దూరం, రోజూ బండిని కదిలించాలి. ఊరికి ఉత్తరాన 18 రోడ్ అనే చోట ప్రభుత్వ భూముల్లో ఇంకో క్యాంపు ఉంది. అక్కడ కరెంటు లేదు, చుక్క నీళ్ళు లేవు. కానీ బండి తలుపు తీసి సైకిలెక్కితే చాలు, దారులు అక్కడే మొదలవుతాయి. వెనక బుక్ క్లిఫ్స్ అనే కొండల వరస. లైబ్రరీ బీరువాలో పుస్తకాలు నిలబెట్టినట్టే ఉంటాయి, పేరు ఎవరు పెట్టారో గాని సరిగ్గా పెట్టారు. మాకున్నది మూడు రోజులు. అక్క రెండోదే ఎంచుకుంది.

శుక్రవారం రాత్రికి చేరాం. ముందు బండిని సమంగా నిలపాలి. చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేశాడు బావ. అది నిద్ర కోసం మాత్రమే కాదు. అందులోని ఫ్రిజ్ గ్యాసు మంటతో పనిచేస్తుంది. బండి బాగా ఒరిగితే లోపలి ద్రవం సరిగా పారక చల్లదనం ఆగిపోతుంది. పెద్దమ్మ తెచ్చిన పెరుగు సంగతి చూసుకోవాలి కదా!

బండి అడుగున మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. రెండోది సింకు, షవరుల్లో వాడేసిన నీళ్ళది, గ్రే ట్యాంకు అంటారు. మూడోది టాయిలెట్‌ది, బ్లాక్ ట్యాంకు. మా మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. మన ప్లాస్టిక్ బిందెలతో కొలిస్తే ఓ పది బిందెలు. నలుగురికి, మూడు రోజులకి. తాగేనీళ్ళు వేరే క్యాన్లలో తెచ్చుకున్నా, తలకి రోజుకి బిందె కూడా రాదు.

ఈ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2019 ఎండాకాలంలో మద్రాసులో మా వీధికి లారీ వస్తే రాత్రి పదింటికి బిందె పట్టుకుని నించున్నదాన్ని. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి పోసిన ఇల్లు మాది. అలాంటిదాన్ని, కొళాయి తిప్పితే నీళ్ళు వస్తుంటే అన్నీ మర్చిపోయాను. శనివారం సాయంత్రం తొక్కి వచ్చేసరికి సైకిలంతా దుమ్ము. బండి వెనక బయటి షవరు ఒకటుంది. అద్దె సైకిలు కదా, శుభ్రంగా ఇద్దామని దాన్ని తిప్పి తీరిగ్గా కడిగాను. తళతళలాడింది. ఎవరూ చూడలేదు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి పెద్దమ్మ మొహానికి సబ్బు రాసుకుని కొళాయి తిప్పింది. పంపు గురగురమంది. అంతే.

ఆ ఎడారిలో మే నెలాఖరు ఎండ మన ఎండంత కాకపోయినా, నీడ లేదు. తొక్కడానికి మంచి వేళలు పొద్దున్నా, సాయంత్రమూ. ఆ పొద్దున్న వేళంతా నీళ్ళకి పోయింది. ఈ బండిని కదిలించాలంటే గిన్నెలు అరల్లో పెట్టాలి, అలమరలకి గడియలు వెయ్యాలి, సైకిళ్ళు కట్టాలి, చెక్కలు తియ్యాలి. మట్టిరోడ్డు మీద మెల్లగా ఊళ్ళోకి వెళితే నీళ్ళు పట్టుకునే చోట మాకంటే ముందు మూడు బళ్ళు. మళ్ళీ లారీ దగ్గర బిందె పట్టుకుని నించున్నట్టే ఉంది. తిరిగి వచ్చేసరికి పదకొండు దాటింది. సైకిలు కడిగింది నేనేనని దారిలోనే చెప్పేశాను. అక్క ఒక్క మాట అనలేదు. "సాయంత్రం వెళ్దాంలే" అంది, అంతే. తిట్టినా బాగుండేది. బావ తర్వాత చెప్పాడు, ఎండు దుమ్ముకి నీళ్ళు అక్కర్లేదట. మెత్తని బ్రష్‌తో దులిపి, గొలుసు పాతగుడ్డతో తుడిస్తే చాలు.

సాయంత్రం వెళ్ళాం. అక్కడ దారులకి రంగులుంటాయి: పచ్చ గుండ్రం తేలిక, నీలం చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. జిప్పిటీ డూ డా అనే నల్లదారి సన్నని గట్టు మీద పోతుంది, రెండు పక్కలా లోయ. దానికి అక్క ఒక్కతే వెళ్ళింది. నేను, బావ ప్రైమ్ కట్ దారిలో మెల్లగా ఎక్కి, కెసెల్ రన్ దారిలో దిగాం. వీధిలో తొక్కే సైకిలుకీ దీనికీ తేడా దిగేటప్పుడే తెలుస్తుంది. సీటు మీద కూర్చోకూడదు. పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో పెట్టి వాటిమీద నించోవాలి, మోకాళ్ళు, మోచేతులు కొద్దిగా వంచాలి. దారి నిటారుగా దిగితే ఒంటిని వెనక్కి జరపాలి. బ్రేకుల మీద చెరొక వేలు చాలు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే సైకిలు మీదుగా ముందుకి పడతాం. ముందు చక్రాన్ని చూడకూడదు, పది పదిహేను అడుగుల అవతల చూడాలి. కళ్ళు ఎటో సైకిలు అటు. ఎదురుగా ఎవరైనా ఎక్కుతూ వస్తే దిగేవాళ్ళే ఆగి దారివ్వాలి. దారి దాటి పక్క మట్టిలోకి అసలు పోకూడదు. ఆ నల్లని పెచ్చు వట్టి మట్టి కాదు, సూక్ష్మజీవులూ లైకెన్లూ అల్లుకున్న పొర. ఒక్క టైరు జాడ పడితే మానడానికి ఏళ్ళు పడుతుంది.

రెండుసార్లు పడ్డాను. హెల్మెట్టు, మోకాలి తొడుగులు ఉన్నాయి కాబట్టి మోచెయ్యి మాత్రమే గీరుకుంది. అక్క చీకటి పడే వేళకి వచ్చింది, మొహం నిండా దుమ్ము, నవ్వు. బండి దగ్గర పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని మా ముగ్గురినీ లెక్కపెట్టింది. ఆ రాత్రి పులిహోర కాగితపు ప్లేట్లలో తిన్నాం, మూతి తడిగుడ్డతో తుడుచుకున్నాం. ఎవరికీ ఏం చెప్పక్కర్లేకపోయింది.

సోమవారం బయల్దేరేముందు వాడిన ట్యాంకులు ఖాళీ చెయ్యాలి. దానికి వేరే చోటుంటుంది. ఆ పని నేనే చేస్తానన్నాను. చేతులకి తొడుగులు వేసుకుని, గొట్టం తగిలించి, ముందు బ్లాక్ తెరవాలి, తర్వాత గ్రే. అప్పుడు సబ్బునీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. తిరగేస్తే ఏమవుతుందో ఊహించుకోండి, నేను రాయను.

సెలవు చివరిరోజు డెన్వర్ వైపు దారంతా బళ్ళే. కొండల మధ్య గంటకి పైగా కదల్లేదు. చివరికి ఒక విశ్రాంతి స్థలంలో పక్కకి ఆపాడు బావ. పెద్దమ్మ లేచి, పొయ్యి కంటే ముందు గోడమీద ట్యాంకు మీటరు నొక్కి చూసింది. మూడో వంతు ఉంది. నాలుగు గ్లాసులు కడిగి, క్యాన్ వంచి టీ పెట్టింది.