పచ్చిమట్టి బొమ్మలు – జ్ఞాపకముంచుకొనే దేవుడు

ఒక భూస్థాపన ఆరాధన ముగిసి తిరిగి వస్తుండగా సంఘములోని యువకుడొకడు మమ్మల్ని ఇలా అడిగాడు: “అయ్యగారూ, ఈ తాతగారిని మనము గుర్తుపెట్టుకుంటాము. రేపు మనుష్యులే మిగలకపోతే మనల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?” అప్పుడు మేము సూటిగా జవాబు చెప్పలేకపోయాము. ఇదే ప్రశ్నను నేటి కళాకారులు కొందరు తమ పనిలో అడుగుతున్నారు. వారిలో ఒకరి పనిని పరిశీలించి, వాక్యపు వెలుగులో ఆ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసము ఉద్దేశము.

ఇన్‌స్టలేషన్ కళ అంటే గోడకు తగిలించే చిత్రము కాదు, పీఠము మీద నిలిపే విగ్రహమూ కాదు. ఒక స్థలమునంతటినీ కళాకృతిగా మార్చి, చూసేవారిని దానిలో నడిపించేది. అడ్రియాన్ వియార్ రోహాస్ 1980లో అర్జెంటీనాలోని రొసారియో పట్టణములో జన్మించాడు. 2009లో ఆ దేశపు దక్షిణపు కొసనున్న ఉషువాయాలో, అడవి చెట్ల నడుమ, కాల్చని మట్టితో ఒక పెద్ద తిమింగలమును చేశాడు. దానికి పెట్టిన పేరు ‘చనిపోయిన నా కుటుంబము’. లండన్‌లో 1805లో తుపాకిమందు నిలువచేయడానికి కట్టిన కట్టడమును సర్పెంటైన్ గ్యాలరీ వారు 2013లో ప్రదర్శనశాలగా తెరిచినప్పుడు, మొదటి ప్రదర్శన ఇతనిదే. ప్రవేశములో కట్టడపు బరువును మోస్తున్నట్టు ఒక మట్టి ఏనుగు, లోపల అరల నిండా అంతరించిన నాగరికత తవ్వకములలో దొరికినట్టున్న వస్తువులు ఉన్నాయి.

ఆవములో కాలిన కుండ తిరిగి మట్టి ముద్ద కాదు. పచ్చిమట్టిలోనైతే నీరు ఆరేకొద్దీ బొమ్మ కుంచించుకుపోయి పగుళ్లు తీస్తుంది, వాన పడితే కరుగుతుంది. ఈ నశించే గుణము కోసమే అతడు దానిని ఎన్నుకున్నాడు. భూమి మీద మిగిలిన చివరి మనుష్యులు ఒక కళాకృతి చేస్తే అది ఎలా ఉంటుందన్నది అతని ఊహ. మనుష్యులు లేని ఆ భూమిని గ్రహాంతరవాసి కన్నులతో చూడాలని అతడు ప్రయత్నించాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనుష్యుడు లేని లోకమును ఊహించడానికి కూడా, చూసే వాడొకడు కావలసి వచ్చాడు.

హెబ్రీ భాషలో ‘ఆదాము’ అనే మాట, నేల అని అర్థమిచ్చే ‘అదామా’ అనే మాట ఒకదానికొకటి దగ్గరివి. ఆదికాండము 2:7లో నరుని రూపించడాన్ని తెలిపే ‘యాత్సర్’ అనే క్రియ నుండే కుమ్మరికి ‘యోత్సేర్’ అనే పేరు వచ్చింది. కీర్తన 103:14లో అదే ధాతువు, ‘ధూళి’ అనే మాట, ‘జ్ఞాపకము’ అనే మాట ఒకే వచనములో కలుస్తాయి. అనగా మనము పచ్చికుండలమన్న సంగతిని జ్ఞాపకముంచుకునేవాడు మనలను చేసిన కుమ్మరియే. ఆ జ్ఞాపకము ఊరక తలంచుకోవడము కాదు. మనుష్యజాతి తుడిచిపెట్టుకుపోవడానికి సిద్ధముగా ఉన్న జలప్రళయములో దేవుడు నోవహును, అతనితోనున్న జంతువులను కూడా జ్ఞాపకము చేసుకున్నాడు, వెంటనే గాలి విసిరింది, నీళ్లు తగ్గాయి (ఆది. 8:1). మృతుల పునరుత్థానమును గూర్చిన మన నిరీక్షణకు ఆధారము మన ఆత్మ బలము కాదు, ఈ దేవుని జ్ఞాపకమే.

ఇక్కడ కాపరులమైన మనకు రెండు హెచ్చరికలున్నాయి. మొదటిది, సమాధి యొద్ద మంటిని గూర్చిన మాటను తొందరగా దాటి పునరుత్థానమునకు పరుగెత్తుతున్నాము. ఆ కళాకారుడు మట్టి ముందు నిలబడినంతసేపు మనమూ నిలబడాలి. ఏడ్చేవారికి ఆ సమయము అవసరము. రెండవది, దేవుడున్నాడు గనుక భూమి ఏమైనా ఫరవాలేదన్న బోధ తప్పు. తోటను సేద్యపరచి కాపాడమన్న ఆజ్ఞ (ఆది. 2:15) రద్దు కాలేదు. సృష్టి మూలుగుతూ ఎదురుచూస్తున్నది (రోమా. 8:19–22).

ఆ యువకునికి మేము ఆలస్యముగానైనా ఇచ్చిన జవాబు ఇదే: “బాబూ, గుర్తుపెట్టుకునే మనిషి ఒక్కడూ మిగలకపోయినా, మన్నును ఎరిగినవాడు మిగిలి ఉంటాడు.”