సాగర శాస్త్రానికి విశాఖలో పునాది

విశాఖపట్నం: చేపలు ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున్న చోట దొరికే అవకాశముందో తెలిపే సూచనలు నేడు హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్ నుంచి రేవులకు చేరుతున్నాయి. డీజిల్ ఖర్చు లెక్క వేసుకుని వేటకు బయలుదేరే మరపడవ యజమానికి వీటి విలువ చెప్పనక్కరలేదు. ఈ శాస్త్రానికి మన తీరంలో పునాది పడింది మాత్రం 1950లలో. విశ్వవిద్యాలయం, ప్రభుత్వం చేయి కలిపితే అది సాధ్యమైంది.

1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అతిథి ఆచార్యులుగా వచ్చారు. ఉత్సాహం గల విద్యార్థులున్నారు, లేనిదల్లా ఓడ. ఆ లోటును భారత నౌకాదళం తీర్చింది. పరిశోధకులు నౌకాదళ ఓడలపై బంగాళాఖాతంలోకి వెళ్లి నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను లోతుల వారీగా కొలిచారు. అనంతర కాలంలో తూర్పు తీరం దాపున సముద్రగర్భంలో బయటపడిన లోయలకు లాఫాండ్ ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అని పేర్లు పెట్టారు. మహదేవన్ ఈ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర ఆచార్యులే.

పైకి ఉబికే చల్లని నీరు

వేసవిలో మన తీరం వెంబడి నైరుతి గాలి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుగా, అనగా తీరానికి దూరంగా జరుగుతుంది. ఆ చోటును నింపేందుకు అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. దానిలోని పోషకాలతో సూక్ష్మమైన నీటి మొక్కలు పెరుగుతాయి, వాటి కోసం చిన్న చేపలు, వాటి వెంట పెద్దవి చేరతాయి. తూర్పు తీరంలో జరిగే ఈ ప్రక్రియను లాఫాండ్ 1954లో వివరించారు. నేడు ఇన్‌కాయిస్ ఉపగ్రహాల ద్వారా గమనించేది కూడా ఉపరితల ఉష్ణోగ్రతను, ఆ మొక్కల పత్రహరితాన్నే. దట్టంగా మబ్బు పడితే సూచనలకు ఆటంకం తప్పదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు ఎలాగూ వేట నిషేధమే.

తుపాను బలం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చవిచూసిన నగరానికి మరో సంగతి ముఖ్యం. తుపాను బలపడేందుకు ఉపరితలం వేడెక్కితే చాలదు, ఆ వెచ్చని పొర లోతు కూడా కావాలి. పొర పలచనైతే గాలులే అడుగునున్న చల్లని నీటిని పైకి కలిపి తుపానును నీరసింపజేస్తాయి. ఉత్తర బంగాళాఖాతంలో నదుల మంచినీరు తేలికై పైన పరుచుకుని, ఈ కలయికను అడ్డుకుంటుంది. ఉపగ్రహం ఈ లోతును నేరుగా చూడలేదు. అందుకే ఆర్గో అనే తేలియాడే పరికరాలను సముద్రంలో వదిలారు. అవి 2,000 మీటర్ల వరకు మునిగి, సుమారు పది రోజులకొకసారి పైకి తేలి, దారిలో కొలిచిన ఉష్ణోగ్రత, లవణీయతలను ఉపగ్రహానికి పంపుతాయి.